శివారు లెక్క

గోదావరి డెల్టాలో శివారు అనే మాటకు ఊరి చివర అన్న అర్థం ఒక్కటే లేదు. కాలువ నుంచి బోదెకు (పిల్ల కాలువకు), బోదె నుంచి తూముకు, తూము నుంచి చేలోకి నీరు నడిచే దారిలో ఆఖరున ఉన్న భూమిని శివారు భూమి అంటారు. దాళ్వా (రబీ వరి) నాట్లు మొదలైన దగ్గర్నుంచి గింజ పాలుపోసుకునే దాకా పత్రికల జిల్లా పేజీల్లో తప్పకుండా కనపడే వార్త శివారుకు నీరందడం లేదన్నదే. ఆనకట్ట దగ్గర మట్టం ఎంత ఉందో, ప్రధాన కాలువలకు ఎన్ని క్యూసెక్కులు వదిలారో అధికారులు చెబుతూనే ఉంటారు. ఆ అంకెలు నిజమే కావచ్చు. చివరి చేలో నేల నెర్రెలిచ్చి ఉంటే మాత్రం ఆ అంకెలతో రైతుకు పనిలేదు. 170 ఏళ్ళుగా కాలువల మీద బతుకుతున్న ఈ ప్రాంతం ఆ అనుభవంలోంచి ఒక కొలమానం తయారుచేసుకుంది: పారుదల ఎలా ఉందో తెలియాలంటే తల దగ్గర కాదు, చివర నిలబడి చూడాలి. ఇవాళ అదే ప్రాంతంలో ఇంటింటికీ ఇంకో పారుదల వచ్చింది, ఇంటర్నెట్. దాన్ని మనం కొలుస్తున్న కొలతలన్నీ తల దగ్గరివే: ఎన్ని కోట్ల కనెక్షన్లు, ఎంత వేగం, ఎన్ని యాప్‌లు. డెల్టా తన కాలువలకు పెట్టుకున్న పరీక్షనే ఇంటర్నెట్‌కూ పెట్టాలన్నది ఈ వ్యాసం చెప్పదలచిన మాట. ఆ పరీక్షలో మూడు ప్రశ్నలున్నాయి. చివరికి అందుతోందా? మురుగు ఎటు పోతోంది? ఎప్పుడు కట్టేస్తారో ముందే చెబుతున్నారా?

కాలువకూ ఇంటర్నెట్‌కూ ఈ ముడి ఊరికే వేసింది కాదు, కోనసీమ పటం మీదే ఆ రెండూ ఒకచోట కలుస్తాయి. వశిష్ఠ, వైనతేయ పాయల మధ్య, సముద్రానికి దగ్గరగా, సఖినేటిపల్లి మండలంలో మోరి అనే ఊరుంది. జీడిపప్పు పరిశ్రమకు పేరున్న ఊరు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర బయలుదేరిన నీటి వైపు నుంచి చూస్తే అది శివారు ప్రాంతం. 2016 డిసెంబర్ 29న ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ తొలి దశను అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఆ ఊళ్ళోనే ప్రారంభించారు. మోరికి చెందిన, అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ప్రొఫెసర్ సోలమన్ డార్విన్ చొరవతో అక్కడ స్మార్ట్ విలేజ్ ప్రయోగం కూడా జరిగింది. తీగను భూమిలో పాతితే ఖర్చూ కాలమూ ఎక్కువవుతాయని కరెంటు స్తంభాల మీదుగా లాగారు. మరుసటి ఏడాది రాష్ట్రమంతటికీ ప్రకటించినప్పుడు నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోను ఇస్తామన్నారు. నీటికి ఆఖరు వరసలో ఉన్న ఊరు ఫైబర్‌కు మొదటి వరసలోకి వచ్చింది. శివారు నుంచి పని మొదలుపెట్టాలన్న ఆ ఆలోచన మంచిది. అయితే ఒక ఊరికి తీగ చేరడం వేరు, ఆ ఊళ్ళో చివరి ఇంటికి ఏళ్ళ తరబడి పారుదల నిలవడం వేరు. ఈ తేడా డెల్టాకు తెలిసినంతగా మరో ప్రాంతానికి తెలియదు. ఎలా తెలిసిందో చూడాలంటే ఆనకట్టకు ముందు నాటికి వెళ్ళాలి.

19వ శతాబ్దం మొదటి సగంలో గోదావరి పక్కనే పారుతున్నా రాజమహేంద్రవరం జిల్లా పస్తులతో చచ్చింది. 1832-33లో నందన కరువు వచ్చింది. 1839 నవంబర్‌లో తుపాను ఉప్పెనగా వచ్చి కోరంగి రేవును ముంచేసింది. 1821లో ఏడు లక్షలు దాటి ఉన్న జిల్లా జనాభా 1841 నాటికి అయిదున్నర లక్షల చిల్లరకు పడిపోయింది. ఆ ఇరవై ఏళ్ళలోనూ నదిలో నీటికి కొరత లేదు. ఏటా ఎర్రనీరు వచ్చేది, గట్లు దాటేది, లంకలు ముంచేది, సముద్రంలో కలిసేది. నీరు కావలసిన రోజున చేలో ఉండేది కాదు, అక్కర్లేని రోజున ఇంట్లో ఉండేది. 1844లో సర్ హెన్రీ మాంట్‌గోమరీ జిల్లా పరిస్థితి మీద నివేదిక ఇచ్చాడు. అదే కాలంలో ఇంజనీరు ఆర్థర్ కాటన్ నదిని కొలిచి ఆనకట్ట ప్రతిపాదన తయారుచేశాడు. ఆయన అంతకు ముందు తంజావూరు దేశంలో కొల్లిడం నది మీద పనిచేసినవాడు. గట్టి పునాది దొరకని ఇసుక నేల మీద రాతికట్ట ఎలా నిలబడుతుందో కావేరి మీది పాత కల్లణైని చూసి నేర్చుకున్నానని ఆయనే ఒప్పుకున్నాడు. గోదావరి మీద కట్టిన ఆనకట్ట వెనక, పేర్లు మిగలని తమిళ కట్టుబడివాళ్ళ తెలివి ఉందన్నమాట. ఏ సాంకేతికతకైనా పుట్టిల్లు ఒక్కటే ఉండదు. ఒకచోట తేలిన ఉపాయం మరోచోట పనికొచ్చినప్పుడే అది నలుగురి సొత్తవుతుంది. ఇవాళ లక్షలాది సైట్లను నడుపుతున్న ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములూ ఈ పద్ధతిలోనే పెరిగాయి.

1847లో పని మొదలైంది. ధవళేశ్వరం దగ్గర నది లంకల మధ్య చీలి పారుతుంది కనుక ఆనకట్టను ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా కట్టారు. వేలాది కూలీలు రాయి మోశారు, సున్నం కలిపారు. వీణెం వీరన్న వంటి స్థానిక ఉద్యోగులు లేకపోతే పని సాగేది కాదని కాటన్ స్వయంగా మెచ్చుకున్నాడు. 1852 నాటికి ఆనకట్ట పూర్తయింది. మన జ్ఞాపకంలో నిలిచింది ఆ రాతికట్టా, కాటన్ దొరా. ఊరూరా ఆయన విగ్రహాలున్నాయి, గోదావరి రేవుల్లో సంకల్పం చెప్పే పురోహితులు ఆయన పేరు తలుచుకున్నారన్న మాట ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ ఆనకట్ట స్వయంగా ఒక్క ఎకరాన్నీ తడపలేదు. అది నీటి మట్టాన్ని కొన్ని అడుగులు పైకి లేపి నిలిపింది, అంతే. మిగతా పనంతా తూర్పు డెల్టా, మధ్య డెల్టా, పశ్చిమ డెల్టా అని మూడుగా విడిపోయిన కాలువలది. ప్రధాన కాలువ, దాని శాఖలు, ఆ శాఖల కింద బోదెలు, బోదెల మీద తూములు: ఒక చెట్టును బోర్లా పరిచినట్టుండే ఈ అల్లిక పూర్తి కావడానికి ఆనకట్ట కట్టడానికి పట్టినదానికంటే ఎన్నో రెట్ల కాలం పట్టింది. ఇవాళ ఆ అల్లిక కింద సుమారు పది లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది. ఆనకట్ట పాతబడితే దాని స్థానంలో 1970లో బరాజ్ పని మొదలుపెట్టి 1982 నాటికి 175 గేట్లతో నిలబెట్టారు. తల మారింది. కాలువలు చాలావరకు అవే.

ఆ అల్లికలో ఒక్క చోటును దగ్గరగా చూస్తే మిగతాది అర్థమవుతుంది. మోరి ఉన్న నగరం దీవికి చుట్టూ నీరే, అయినా అందులో సాగుకు పనికొచ్చేది లేదు, ఎందుకంటే నీరు పాయలో కింద ఉంది, పొలం పైన ఉంది, సముద్రం దగ్గర కావడంతో పాయలో ఉప్పు కూడా ఎక్కుతుంది. మంచినీరు కావాలంటే కోనసీమ వైపు నుంచి వచ్చే కాలువే వైనతేయను దాటి రావాలి. నదిని దాటడానికి కాలువకే వంతెన కట్టారు. అదే గన్నవరం అక్విడక్టు, 49 కమానుల కట్టడం. 1850లలో లెఫ్టినెంట్ హేగ్ పర్యవేక్షణలో వేసవి నీరు తక్కువగా ఉన్న నెలల్లో త్వరత్వరగా పూర్తిచేశారు. కింద నది, పైన కాలువ: ఒక నీరు మరో నీటి మీదుగా నడిచింది. దాని పక్కనే తర్వాతి కాలంలో కట్టిన కొత్త అక్విడక్టుకు, ఆకలిగొన్నవాళ్ళకు అన్నం పెట్టి పేరు పొందిన ఆ ప్రాంతపు ఇల్లాలు డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. ఆనకట్ట పూర్తయిన కొద్ది కాలానికే, దారి మధ్యలో నది అడ్డమున్న దీవి కోసం అంత ఖర్చు పెట్టడమే ఈ పారుదల గొప్పతనం. లాభం లెక్క ఒక్కటే చూసుకుంటే తల దగ్గరి భూములకు నీరిచ్చి ఊరుకోవచ్చు. ఇవాళ మారుమూల గ్రామానికి టవరు వేయాలా వద్దా అని కంపెనీలు వేసే లెక్కను ఆనాడు అక్విడక్టు విషయంలో వేసి ఉంటే నగరం దీవి ఎండిపోయేది.

కాలువలను సాగుకే కాదు, పడవలు నడవడానికీ తవ్వారు. దీనికోసం లాకులు కట్టారు. కోనసీమలో లొల్ల లాకుల దగ్గర నిలబడితే ఆ పనితనం ఇప్పటికీ తెలుస్తుంది. లాకు అంటే రెండు జతల తలుపుల మధ్య రాతి గోడల గది. పై కాలువలో మట్టం ఎక్కువ, కింది కాలువలో తక్కువ. పైనుంచి వచ్చిన పడవ గదిలోకి చేరాక వెనక తలుపులు మూస్తారు. కింది తలుపుల దగ్గర చిన్న షట్టర్లు ఎత్తితే గదిలో నీరు మెల్లగా దిగుతుంది, నీటితోపాటు పడవా దిగుతుంది. రెండు వైపులా మట్టం సమానమయ్యే దాకా కింది తలుపులు తెరుచుకోవు. పదిమంది కలిసి నెట్టినా నీటి ఒత్తిడే వాటిని బిగించి ఉంచుతుంది. సమానం అయిన క్షణంలో ఇద్దరు మనుషులు చాలు. జమీందారు గారి పడవైనా, ఉప్పు బస్తాల పడవైనా లాకులో ఆగాల్సిందే, మట్టం కుదిరేదాకా ఎదురుచూడాల్సిందే. ఇలా అందరూ ఒప్పుకుని పాటించే కట్టుబాటును కంప్యూటర్లవాళ్ళు ప్రోటోకాల్ అంటారు. ఎవరు పంపారో, లోపల ఏముందో చూడకుండా, అందరి సరుకుకూ ఒకే నడక ఉండాలన్నది ఇంటర్నెట్‌లోనూ ఆదర్శమే. కాకినాడ నుంచి ఏలూరు, బెజవాడ దాకా, అక్కడి నుంచి కృష్ణా కాలువల మీదుగా బకింగ్‌హాం కాలువలోకి దిగి మద్రాసు దాకా పడవలు వెళ్ళేవి. గాలి లేనప్పుడు గట్టు మీద నడుస్తూ మనుషులే తాడు పట్టి లాగేవారు. బియ్యం, బెల్లం, కొబ్బరి, కలప, పెళ్ళివారు, నాటకాలవాళ్ళు, ఉత్తరాలు, ఊసులు అన్నీ ఆ దారినే పోయాయి. రైళ్ళకంటే కాలువ రవాణాయే చౌక అని కాటన్ చివరిదాకా వాదించాడు. 1878లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందూ అదే చెప్పాడు. ఆయన మాట నెగ్గలేదు. 1900లో రాజమహేంద్రవరం దగ్గర హేవలాక్ వంతెన మీద రైలు గోదావరిని దాటింది, క్రమంగా పడవలు తగ్గిపోయాయి. కాలువలు మాత్రం మిగిలాయి, సాగుకు, తాగునీటికి, చేపల చెరువులకు. ఒక పని కోసం తవ్విన దారి ఇంకో పనికి ఉపయోగపడుతూ బతకగలదు. ఇవాళ మనం ఇంటర్నెట్ అనుకుంటున్న రెండు మూడు యాప్‌లు రేపు పడవల్లా పోవచ్చు. ఉంటుందో పోతుందో చూసుకోవలసింది దారి, ఆ దారిలో అందరికీ ఒకే నడక ఉండాలన్న కట్టుబాటు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. చివరికి అందుతోందా? కాలువలో ఎగువ రైతుకు దిగువ రైతు కంటే సహజంగానే పట్టు ఎక్కువ. తూము వెడల్పు చేసుకోవచ్చు, రాత్రిపూట అడ్డుకట్ట వేసుకోవచ్చు, ఇంజను పెట్టి తోడుకోవచ్చు. అతను దుర్మార్గుడు కానక్కర్లేదు, నీరు కళ్ళెదుట పోతుంటే ఆ పని చెయ్యాలనిపిస్తుంది. దీనికి డెల్టా కనిపెట్టిన విరుగుడు వంతు. గోదావరిలో రాక తగ్గి సీలేరు నుంచి వదిలే నీటి మీద దాళ్వా గట్టెక్కాల్సిన ఏడు, వంతులవారీ విధానం పెడతారు: ఇన్ని రోజులు ఈ కాలువకు, ఇన్ని రోజులు ఆ కాలువకు. షట్టర్లు ఎత్తే లస్కరు, ఇంజనీరు, ఊరి పెద్దలు, అందరూ ఆ వంతుకు కట్టుబడాలి. తగాదాలు జరగలేదని కాదు. రాత్రి కాపలాలు, గట్ల మీద కొట్లాటలు డెల్టా చరిత్రలో భాగమే. అయినా వంతు అనే న్యాయాన్ని బాహాటంగా కాదన్నవారు తక్కువ. 1997లో ఆంధ్రప్రదేశ్ సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం వచ్చి ఎన్నికైన నీటి సంఘాలు ఏర్పడ్డప్పుడు, ఈ పాత న్యాయానికే కాగితం మీద రూపం దొరికింది. ఇంటర్నెట్‌లో శివారు అంటే ఊరి దూరం ఒక్కటే కాదు. ఇంటికంతా ఒకే ఫోను ఉంటే అది ఎవరి చేతిలో ఉంటుందో చూడాలి. వేలిముద్ర అరిగిపోయిన ముసలివాళ్ళు పింఛను కోసం యంత్రం ముందు ఎన్నిసార్లు వేలు పెట్టాలో చూడాలి. ఇంగ్లీషు రాని రైతుకు బ్యాంకు యాప్‌లో ఎంతవరకు దారి దొరుకుతుందో చూడాలి. ఊరికి ఫైబర్ వచ్చిందన్న వార్త హెడ్ స్లూయిస్ దగ్గర వదిలిన క్యూసెక్కుల వంటిది. పింఛను యంత్రం ముందు నిలబడ్డ ముసలమ్మ శివారు చేను.

రెండో ప్రశ్న మురుగుది. డెల్టా చరిత్రలో అన్నిటికంటే ఖరీదైన పాఠం ఇదే. కాలువలు తవ్వినవాళ్ళు నీరు తేవడం మీద పెట్టిన శ్రద్ధ నీరు పోవడం మీద పెట్టలేదు. పొలానికి వచ్చిన ప్రతి చుక్కా ఇంకడమో, ఆవిరి కావడమో, బయటికి పోవడమో జరగాలి. సముద్ర మట్టానికి కాస్త ఎత్తున బల్లపరుపుగా ఉన్న నేల మీద అది తనంత తాను పోదు. పాత వాగులు, ఏర్లే మురుగు కాలువలయ్యాయి: యనమదుర్రు, గోస్తనీ, తుల్యభాగ, కౌశిక. పశ్చిమాన కొంత మురుగు కొల్లేరు చేరి, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవాలి. ఏర్లు పూడిపోయాయి, గట్ల మీద ఆక్రమణలు పెరిగాయి, సముద్రపు పోటుకు నీరు వెనక్కి తన్నింది. సార్వా (ఖరీఫ్ వరి) చేలు వారాల తరబడి నీళ్ళలో కుళ్ళిపోయేవి. నీరు లేక పంట పోయిన చోటే నీరెక్కువై పంట పోవడం మొదలైంది. 1964 వరదల తర్వాత గానీ మిత్ర కమిటీ వేసి కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు సమస్యను సమగ్రంగా చూడలేదు. 1968లో డ్రైనేజీ సెస్సు చట్టం తెచ్చి, మురుగు కాలువల పనులకు రైతుల దగ్గరే ఎకరానికింత అని వసూలు చేశారు. నీరు వచ్చిన నూరేళ్ళకు మురుగు సంగతి చట్టానికెక్కింది. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు మురుగు బాధనూ చెప్పుకున్నారంటే, ఆ లోటు ఇంకా తీరలేదన్నమాట.

ఇంటర్నెట్ చరిత్రలో ఇదే తప్పు వేగంగా జరిగింది. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ తెరిచింది. 2016లో జియో రావడంతో డేటా చౌక అయి, అది పల్లెల్లోకి వరదలా వచ్చింది. వచ్చేదాన్ని పెంచడానికి అందరూ పోటీపడ్డారు, అబద్ధమూ విషమూ బయటికి పోయే దారి గురించి ఆలోచించినవారు తక్కువ. పిల్లలను ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారన్న పుకార్లు వాట్సాప్‌లో పాకి, దేశంలో పలుచోట్ల అమాయకులను కొట్టి చంపాక, 2018 జులైలో ఆ కంపెనీ భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చాట్‌లకు మించి పంపకుండా హద్దు పెట్టింది. ఆ హద్దు చిన్న తూము లాంటిది. పుకారును అది ఆపదు, పారే వేగాన్ని తగ్గిస్తుంది. పని చేసింది కనుకే తర్వాత ప్రపంచమంతటా పెట్టారు. ముంపు వచ్చాక మాత్రమే తూము గుర్తుకొచ్చింది, ధవళేశ్వరం కాలువల విషయంలో జరిగినట్టే. ఏ కొత్త వ్యవస్థ వచ్చినా, తెచ్చేవాళ్ళను మొదటి రోజే అడగవలసిన మాట ఒకటుంది: మురుగు కాలువ ఎక్కడ?

మూడో ప్రశ్న కట్టివేతది. ఏటా వేసవిలో డెల్టా కాలువలను కట్టేస్తారు. పూడిక తీయడానికి, లాకుల తలుపులు బాగుచెయ్యడానికి, గట్లు వేయడానికి అది తప్పనిసరి. ఏప్రిల్‌లో కట్టేసి సార్వాకు జూన్‌లో వదలడం మామూలు. ఏ తేదీన కట్టేస్తారో ముందే ప్రకటిస్తారు. ఆ ప్రకటన రాగానే ఊళ్ళలో మంచినీటి చెరువులు నింపుకుంటారు, చివరి తడి ఎప్పుడు పెట్టుకోవాలో రైతు లెక్క చూసుకుంటాడు, చేపల చెరువులవాళ్ళు జాగ్రత్త పడతారు. తేదీ పొడిగించమని విన్నపాలు పెడతారు, కొన్ని ఏళ్ళలో అధికారులు పొడిగిస్తారు కూడా. దీని పక్కన 2022 మే 24ను పెట్టి చూడాలి. కొత్త కోనసీమ జిల్లాకు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ అమలాపురంలో జరిగిన ఆందోళన హింసగా మారింది, మంత్రి ఇంటికీ ఎమ్మెల్యే ఇంటికీ నిప్పు పెట్టారు. వెంటనే కోనసీమలో ఇంటర్నెట్ ఆపేశారు. అది రోజుల తరబడి సాగింది. ఇంటి నుంచి పనిచేస్తున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు అవతలి జిల్లా సిగ్నల్ కోసం గోదావరి ఒడ్డుకు చేరుకున్నారు. హింసను అదుపు చెయ్యడం ప్రభుత్వ బాధ్యత, ఆ రాత్రి పుకార్లు పాకితే ప్రాణాలు పోయేవన్న భయం నిరాధారం కాదు. ఆ మాట ఒప్పుకున్నాక కూడా ప్రశ్న మిగులుతుంది. వరద వచ్చినప్పుడు ఇంజనీరు అవసరమైన గేట్లు ఎత్తుతాడు, దించుతాడు, డెల్టాకంతటికీ తాగునీరు ఆపడు. ఒకటి రెండు రోజుల అత్యవసరం ఎక్కడ ముగిసింది? చెల్లింపులు, చదువులు, ఉద్యోగాలు ఆధారపడ్డ పారుదలను ఎన్నాళ్ళు ఆపవచ్చో ఎవరు నిర్ణయించాలి? ఎవరికి చెప్పాలి? కాలువ కట్టివేతకు ఉన్న మర్యాద ఇంటర్నెట్ కట్టివేతకు ఇంకా రాలేదు.

ఈ పోలికకు అభ్యంతరాలున్నాయి. మొదటిది, నీరు వాడితే తరుగుతుంది, సమాచారం తరగదు, అందుచేత వంతుల న్యాయం ఇక్కడ అక్కర్లేదన్నది. ఇందులో కొంత నిజముంది. ఒకరు పాట విన్నంత మాత్రాన మరొకరికి ఆ పాట తగ్గదు. కానీ గోదావరి చరిత్రే దీనికి జవాబిస్తుంది. 1830ల కరువులో నదిలో నీరు తక్కువై జనం చావలేదు. జూలై వరదలో లక్షల క్యూసెక్కులు సముద్రం పాలవుతున్నప్పుడు కూడా పూడిన బోదె కింద శివారు చేను ఎండిన ఏళ్ళున్నాయి. శివారు బాధకు మూలం ఎక్కువసార్లు కొరత కాదు, పంపకం. పైగా టవరు సామర్థ్యం, చూసేవాళ్ళ దృష్టి, రెండూ తరిగేవే. ఒక పల్లె రైతు సంఘం పెట్టిన సమాచారం, డబ్బు పెట్టి ముందుకు తోసిన ప్రకటనల కింద కనపడకుండా పోతే అది ఎగువవాడు తూము వెడల్పు చేసుకోవడం వంటిదే.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. కాలువలను కంపెనీ ప్రభుత్వం శిస్తు పెంచుకోవడానికి తవ్వింది, లాభం భూమి ఉన్నవాళ్ళకు పోయింది, రాయి మోసిన కూలీకి, పాలేరుకు వాటా దక్కలేదు, అలాంటి వ్యవస్థను ఆదర్శంగా చూపడమేమిటని అడగవచ్చు. ఆ మాట కాదనడానికి వీల్లేదు. డెల్టా సంపదను ఎకరాల లెక్కన పంచుకున్నారు, ఎకరం లేనివాడు శివారుకు కూడా ఆవల నిలబడ్డాడు. కులం ఆ గీతను ఇంకా లోతు చేసింది. మంచినీటి చెరువు దగ్గర కూడా అందరికీ ఒకే రేవు ఉండేది కాదు. అందుకే ఈ వ్యాసం కాటన్‌ను గానీ ఆనకట్టను గానీ కొలమానంగా తీసుకోలేదు. వ్యవస్థ కట్టినవాళ్ళ ఉద్దేశం ఏదైనా, దాని కింద బతికినవాళ్ళు తమకు తాము తెచ్చుకున్న ప్రశ్న వేరు, ఆ ప్రశ్నే మనకు కావాలి. దాన్ని భూమి లేనివాళ్ళ దాకా పొడిగించకపోవడం నిన్నటి లోటు. ఫోను లేనివాళ్ళ దాకా పొడిగించకపోతే అది ఇవాళ్టి లోటవుతుంది. రేషనుకూ పింఛనుకూ ఓటీపీలూ వేలిముద్రలూ అడుగుతున్న రోజుల్లో, ఇంటర్నెట్ లేనివాడు కూడా ఇంటర్నెట్ ఆయకట్టులోనే ఉన్నాడు.

మూడో అభ్యంతరం: కాలువకు ధవళేశ్వరంలో ఆఫీసుంది, వెళ్ళి అడగవచ్చు, ఇంటర్నెట్‌కు తల ఎక్కడో తెలియదు, కంపెనీలు సముద్రాల అవతల ఉన్నాయి. నిజానికి ఇంటర్నెట్‌ను తల లేకుండా ఉండాలనే రూపొందించారు. 1964లో అమెరికా ఇంజనీరు పాల్ బారన్, ఒక చోట తెగినా మరో దారిన సందేశం చేరే వలను ప్రతిపాదించాడు. 1969లో మొదలై ఇంటర్నెట్‌కు మాతృక అయిన ఆర్పానెట్‌కు, సందేశాన్ని ముక్కలుగా చేసి పంపే ఆలోచన ఆధారమైంది. ఒక వాగు పూడితే మరో వాగున నీరు పోయే నేల లాంటి ఊహ అది. ఆచరణలో మాత్రం ఊళ్ళకు చేరేసరికి అది డెల్టా కాలువలాగే చెట్టు ఆకారం పట్టింది. ఒక్క ఉత్తర్వుతో కోనసీమంతా ఆగిపోగలిగింది అందుకే. ఇక దూరం సంగతి. 1840లలో గోదావరి కాలువల తల ధవళేశ్వరంలో లేదు. అనుమతి మద్రాసు నుంచి, ఆపైన లండన్ నుంచి రావాలి. ఆ దూరాన్ని తగ్గించి, రైతు ముందు కూర్చుని తేదీలు చర్చించే నీటిపారుదల సలహా మండలి సమావేశాల దాకా తీసుకురావడానికి నూరేళ్ళకు పైగా అడగడం, పోరాడడం, చట్టాలు చేయించుకోవడం కావలసి వచ్చింది. తల దూరంగా ఉండడం అడగకుండా ఊరుకోవడానికి కారణం కాదు.

అడగడానికి ఆధారం ఏదన్నది చివరి మాట. డెల్టాలో జూలై, ఆగస్టుల్లో పిల్లలకు కూడా కంఠతా వచ్చే మూడు అంకెలున్నాయి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. 1986 ఆగస్టులో వచ్చిన మహా వరదను, 2022 జులై వరదను జనం ఈ కొలతలోనే గుర్తుపెట్టుకున్నారు. ఆ అంకె వినగానే లంకల్లో పశువులను గట్టెక్కిస్తారు, ధాన్యం మేడ మీదికి చేరుస్తారు, పడవలు సిద్ధం చేస్తారు. గేజీ రాయి మీద గీత ఇంజనీరుకూ అదే, జాలరికీ అదే. దాన్ని ఎవరూ దాచలేరు, ఒకరికి ఒకలా ఇంకొకరికి ఇంకోలా చూపలేరు. అందుకే కాలువల మీద కోపం వచ్చినా, కొట్లాడినా, డెల్టా ప్రజలు మాట్లాడుకోవడానికి ఒక ఉమ్మడి కొలత మిగిలింది. ఇంటర్నెట్‌కు అలాంటి గేజీ రాయి లేదు. ఏ ఊళ్ళో ఎన్ని గంటలు పారుదల ఆగింది, వేలిముద్ర పడక ఎంతమంది వెనుదిరిగారు, ఏ పుకారు ఎంత దూరం పాకాక ఆపారు, ఎవరి ఉత్తర్వుతో ఎన్నాళ్ళు కట్టేశారు: ఇవి అందరికీ కనపడే చోట, అందరికీ అర్థమయ్యే అంకెల్లో, చెరపలేని గీతలుగా ఉండాలి. మోరికి తీగ చేరిందని సంతోషించిన మనం మోరిలోనే ఆ గేజీ రాయి కూడా పాతమని అడగాలి. శివారుకు నీరు అందిందో లేదో శివారులో ఉన్నవాడే చదివి చెప్పగలగాలి.